ఫిమాయ్: ఒక థాయి మండలము – నేల, చరిత్ర, పాలనాపదములు

థాయిలాండు దేశపటమును విప్పి చూచు తెలుగువానికి మొదట కలుగునది ఆశ్చర్యము. పిదప కలుగునది గర్వము. అయుత్థయ అన్నచో అయోధ్య, రాచ్చబురి అన్నచో రాజపురి, నఖొన్ సవన్ అన్నచో నగరస్వర్గము. దేశముయొక్క ఈశాన్యభాగమునకు ఈసాన్ అనియే పేరు. ఇన్ని సంస్కృతపదములు ఒక్కచోట కానవచ్చినప్పుడు, 'అచటి సర్వమును మనదియే' యను నిర్ణయమునకు వచ్చుట సులభము. మన పరిశోధనవ్యాసములలో ఈ నిర్ణయము పలుమాఱులు కనబడినది. అది పూర్తిగ అసత్యము కాదు. కాని పదముయొక్క పుట్టువు వేఱు, ఆ పదముచే నడుపబడు వ్యవస్థయొక్క పుట్టువు వేఱు అను భేదమును అది మఱపించుచున్నది. ఆ భేదమును చూపుటకు దేశమంతటిని గైకొనుటకంటె ఒక్క మండలమును గైకొని నిదానముగ పరిశీలించుట మేలని మేము తలంచితిమి. అందుకై ఈశాన్య థాయిలాండులోని ఫిమాయ్‌ను ఎన్నుకొంటిమి.

ముందుగ ఉచ్చారణమును గూర్చి ఒక మాట. ఈ వ్యాసమున 'ఫ' కారమును పవర్గపు మహాప్రాణముగనే చదువవలయును గాని నేటి వాడుకలోని దంత్యోష్ఠ్యధ్వనిగ చదువరాదు. థాయి భాషలోని స్వరభేదములను మన లిపి చూపజాలదు. మండలమునకు ప్రతియగు థాయి పదమును 'అంఫో' అని వ్రాయుచున్నాము. దాని చివరి అచ్చు మన ఓకారము కాదు, దానికి దగ్గఱది మాత్రమే.

ఫిమాయ్ అంఫో నఖొన్ రాచ్చసీమా అను చంగ్వత్తులో, అనగా జిల్లాలో, ఉన్నది. ఈ జిల్లాను జనులు ఖోరాత్ అనియే పిలుతురు. ఇందు 32 అంఫోలు కలవు. జిల్లా ముఖ్యపట్టణమునుండి ఈశాన్యముగ సుమారు 60 కిలోమీటర్ల దూరమున ఫిమాయ్ పట్టణము కలదు. అంఫో విస్తీర్ణము సుమారు 900 చదరపు కిలోమీటర్లు. అందు 12 తంబొనులు. పడమట నోన్ సూంగ్, దక్షిణమున చక్కరాత్, తూర్పున చుంఫువాంగ్ మొదలగునవి పొరుగు అంఫోలు. వీనిలో చుంఫువాంగ్ ఒకప్పుడు ఫిమాయ్‌లోని భాగమే.

ఈ నేలయంతయు ఖోరాత్ పీఠభూమి. దీని పడమటను దక్షిణమునను కొండలవరుసలుండుటచే నైఋతి ఋతుపవనము తన తేమను చాలవఱకు అక్కడనే విడిచి వచ్చును. వాన తక్కువ మాత్రమే కాదు, నమ్మరానిది కూడ. భూగర్భమున ఉప్పుపొరలు గలవు. ఎండకాలమున ఆ ఉప్పు నేలమీదికి తేలి పొలమును తెల్లబఱచును. ప్రాచీనకాలమునుండియు ఈ ప్రాంతమున ఉప్పు వండుట ఒక వృత్తి. ఇట్టి నేలకు ప్రాణాధారము మూన్ నది. పడమటి కొండలలో పుట్టి, తూర్పుగ ప్రవహించి, మేకాంగ్‌లో కలియు ఈ నది ఫిమాయ్ యొద్ద వంపు తిరిగి పట్టణమును చుట్టుకొని పోవును. ఉపనదులును కాలువలును కలిసి పట్టణమును ఇంచుమించు ఒక దీవిని చేసినవి. నదిపై ఫిమాయ్ యొద్ద ఒక ఆనకట్ట కలదు. దాని చేరువనే 'సాయ్ ఙామ్' అను ప్రసిద్ధమైన మఱ్ఱితోపు. నీరు తక్కువయగు ఏడు కఱవు, ఎక్కువయగు ఏడు వఱద: 2010 అక్టోబరులో మూన్ పొంగి ఖోరాత్ జిల్లాను ముంచినప్పుడు ఈ అంఫోయు మునిగినది.

ఊళ్లపేళ్లు ఈ నేల స్వభావమునే చెప్పును. 'నోన్' అనగా దిబ్బ, 'నోంగ్' అనగా కుంట. వఱద తాకని దిబ్బమీద ఇల్లు, దాని ప్రక్కన ఎండకాలమున నీరిచ్చు కుంట: ఊరు వెలయుటకు ఈ రెండే కావలయును. మన ఊరిపేళ్లలో దిబ్బ, కుంట, చెఱువు అనునవి ఎట్లు నిలిచినవో అట్లే అచట నోన్, నోంగ్ నిలిచినవి. ఇది భాషాసంబంధము కాదు. వానకై ఎదురుచూచు రెండు నేలల సామ్యము. గ్రామనామములను పరిశీలించు విద్యార్థులు ఈ రెండింటిని కలిపివేయరాదు.

ఈ దిబ్బలలో కొన్ని మిక్కిలి పాతవి. 'ఫిమాయ్ నల్లకుండలు' అని పురావస్తుశాస్త్రమున పేరుపొందిన నున్నని నల్లమట్టి పాత్రలు మొదట ఇచటనే గుర్తింపబడినవి; అవి ఇనుపయుగమునాటివి. కావున రాజులు రాకపూర్వమే, ఆలయము లేవకపూర్వమే ఈ నదియొడ్డున స్థిరమైన జనావాసము కలదని చెప్పవచ్చును.

ఆలయమును గూర్చి కొంత విస్తరింపవలసియున్నది. ఫిమాయ్ ఆలయము ఖ్మేరు శిల్పసంప్రదాయమునకు చెందినది. తెల్లని ఇసుకరాతితో కట్టిన దాని నడిమి గోపురము ఎత్తు సుమారు 28 మీటర్లు. చుట్టును దీర్ఘచతురస్రాకారమున పురప్రాకారము. దాని పొడవు సుమారు ఒక కిలోమీటరు, వెడల్పు అర కిలోమీటరునకు పైన. ఆలయము దక్షిణాభిముఖమై, ఒకింత తూర్పునకు వాలియున్నది. ఖ్మేరు ఆలయములు సామాన్యముగ తూర్పును చూచును. ఇది మాత్రము రాజధానియగు అంకోర్ దిక్కును చూచుచున్నదని పండితులు చెప్పుదురు.

ఆలయద్వారముమీది ఖ్మేరు శాసనమున శక సంవత్సరము 1030, అనగా క్రీ. శ. 1108, కనబడుచున్నది. తెలుగు శాసనములతో పరిచయము గలవారికి శకవర్షము వేఱుగ చెప్పనక్కఱలేదు. వీరేంద్రాధిపతివర్మ యను అధికారి 'త్రైలోక్యవిజయ' యను దేవుని ప్రతిష్ఠించెననియు, ఆ దేవుడు 'విమాయ' దేవునికి సేనాపతి యనియు అందున్నది. దేవునికొక సేనాపతి! పాలనయొక్క అంతరువులు భూమిమీద ఎట్లుండెనో దేవలోకమునను అట్లే ఊహింపబడినవి. ఈ వీరేంద్రాధిపతివర్మ పేరే తరువాత అంకోర్ వాట్ గోడమీది ఊరేగింపుశిల్పములలోను కనబడుచున్నది. ఆ కాలమున అంకోర్‌ను ఏలిన మహీధరపుర వంశమునకు పుట్టినిల్లు ఈ ఎగువ మూన్ ప్రాంతమే యని చరిత్రకారుల అభిప్రాయము. అట్లైనచో ఫిమాయ్ సామ్రాజ్యపు అంచుననున్న ఒక మారుమూల కాదు; సామ్రాజ్యమునకు రాజులనిచ్చిన చోటు.

గర్భాలయద్వారములమీది శిల్పములు మహాయాన వజ్రయాన బౌద్ధమునకు చెందినవి. వెలుపలి ద్వారములమీద నటరాజు, నాగపాశబద్ధులైన రామలక్ష్మణులు, సేతునిర్మాణము కనబడును. లోపల బుద్ధుడు, వెలుపల రాముడు. ఈ రెండింటి నడుమ వైరుధ్యమును వెదకుట మన అలవాటు గాని ఆ శిల్పులకు అట్టి బాధ యున్నట్లు తోపదు.

పండ్రెండవ శతాబ్ది చివర ఏడవ జయవర్మ అంకోర్‌నుండి విమాయకు పోవు బాటపై 17 విశ్రాంతిగృహములను కట్టించెనని 1191 నాటి ప్రేహ ఖాన్ శాసనము చెప్పుచున్నది. రాజ్యమందు 102 ఆరోగ్యశాలలుండెనని తా ప్రోమ్ శాసనమున కలదు. అట్టి ఆరోగ్యశాల శిథిలము ఒకటి ఫిమాయ్ ప్రాకారమునకు వెలుపల దక్షిణమున నేటికిని నిలిచియున్నది. దానిని జనులు 'ఋషికుటి' యందురు. బాట, సత్రము, వైద్యశాల: పాలన యనునది పన్ను మాత్రమే కాదని ఈ రాళ్లు చెప్పును. నేటి అంఫో కార్యాలయము చేయు పనులకు పూర్వరూపమును వెదకువారు ఈ శాసనములను తప్పక చదువవలయును.

ఖ్మేరు ప్రాభవము తగ్గిన పిదప ఫిమాయ్ అయుత్థయ రాజ్యమున ఒక చిన్న పట్టణముగ మిగిలెను. 1767లో అయుత్థయ బర్మావారిచే నాశనమైనప్పుడు మాత్రము ఒక్కమాఱు చరిత్రపుటలమీదికి వచ్చినది. పూర్వరాజగు బోరొమ్మకోట్ కుమారుడు, థేప్‌ఫిఫిత్ అను రాకుమారుడు, ఇచట స్వతంత్రముగ నిలిచెను. 1768లో తాక్సిన్ దండెత్తి వచ్చి ఈ చిన్నరాజ్యమును అణచి, అతనికి మరణదండన విధించెను. ఫిమాయ్ రాజధానిత్వము ఒక్క యేడాది ముచ్చట.

అంఫోలోని తంబొనులలో సంరిత్ అనునది యొకటి. పేరు సంస్కృత 'సమృద్ధ' శబ్దభవము; థాయిలో కంచునకును ఇదే పేరు. అచటి మైదానము 'థూంగ్ సంరిత్' ప్రతి థాయి బాలునకు తెలిసినది. వియెంటియాన్ రాజగు అనువోంగ్ ఖోరాత్‌ను పట్టుకొని జనులను బందీలనుగ కొనిపోవుచుండ, ఉపపాలకుని భార్యయగు మో అను వనిత ఈ మైదానమున వారినెదిర్చి విడిపించెనని కథ. ఆమెకు 'థావ్ సురనారీ' అను బిరుదు కలదు. ఈ సంఘటనకు తేదీ చెప్పుటలో ఒక చిక్కు కలదు. థాయి గ్రంథములు బౌద్ధశకము 2369 అని వ్రాయును. 543 తీసివేసినచో 1826 వచ్చును. కాని నాటి సంవత్సరాది ఏప్రిల్ మాసమున. సంఘటన జరిగినది అంతకుముందు, ఏడాది చివరి నెలలలో. కావున మన లెక్కకు అది 1827 అగును. జనవరి 1ని సంవత్సరాదిగ థాయిలాండు స్వీకరించినది 1941లో. థాయి తేదీలను ఉదాహరించు పరిశోధకులు ఈ ఒక్క విషయమును మఱచి ఏడాది తప్పుట మేము పలుచోట్ల చూచితిమి.

తేదీకంటె పెద్ద వివాదము వేఱొకటి కలదు. ఖోరాత్ నడిబొడ్డున సురనారీ విగ్రహము 1934లో నెలకొల్పబడినది. దానికి ముందటియేడు, 1933లో, ప్రభుత్వముపై జరిగిన బోవోరదేత్ తిరుగుబాటునకు ఖోరాత్ ముఖ్యస్థానముగ నుండెను. తిరుగుబాటుమచ్చ పడిన జిల్లాను విధేయురాలిగ చూపుటకే విగ్రహము లేచినదనియు, వీరవనితయొక్క కీర్తి చాలవఱకు ఆ కాలపు రాజకీయములచే పెంపబడినదనియు 1990ల మొదట బాంకాక్‌లోని ఒక విశ్వవిద్యాలయమున సమర్పింపబడిన స్నాతకోత్తర పరిశోధనగ్రంథము వాదించినది. అది 1995లో పుస్తకముగ వెలువడెను. 1996లో ఖోరాత్‌లో జనులు గుమిగూడి నిరసన తెలిపిరి. పుస్తకము అమ్మకమునుండి తొలగింపబడినది. ఆ గ్రంథమున మో అను వ్యక్తి లేదని వాదింపబడలేదు. జ్ఞాపకము ఎప్పుడు, ఎవరిచే, ఎందులకు నిర్మింపబడినదను ప్రశ్న మాత్రమే వేయబడినది. ఆ ప్రశ్న న్యాయమైనదని మా అభిప్రాయము. స్థలపురాణములను, వీరగాథలను పరిశోధించు మన విద్యార్థులును రేపో మాపో ఇట్టి సంకటమునకే లోనగుదురు. గాథను గౌరవించుట వేఱు, దానిని సాక్ష్యముగ గ్రహించుట వేఱు అని ఊరివారికి నచ్చజెప్పుట వ్యాసము వ్రాయుటకంటె కష్టము.

ఇక పాలన. పందొమ్మిదవ శతాబ్ది చివరివఱకు ఫిమాయ్ ఖోరాత్‌కు లోబడిన ఒక 'మూవంగ్'. మూవంగ్ అనగా పట్టణము, దాని చుట్టుపట్ల నేల. దాని అధిపతికి జీతము లేదు. ప్రజలనుండి వచ్చు రాబడిలో కొంత తానుంచుకొని కొంత పైకి పంపును. ఈ పద్ధతిని థాయిలో 'కిన్ మూవంగ్' అందురు, అనగా 'ఊరిని తినుట'. పేరు పెట్టినవాడు చమత్కారి యని తోచుచున్నది. 1892లో దేశాంతర్గత వ్యవహారముల మంత్రియైన దామ్రోంగ్ రాకుమారుడు దీనిని కూలద్రోసి 'థేసాఫిబాన్' పద్ధతిని నెలకొల్పెను. దేశమును 'మొన్‌థొను'లుగ విభజించి, వానిపై రాజు నియమించిన జీతగాండ్రను పెట్టెను. 1897 నాటి స్థానికపాలన చట్టముచే అడుగున నున్న ఊళ్లు కూర్పబడినవి: ఇండ్లు కొన్ని కలిసి 'మూబాన్', ఇంచుమించు పది మూబానులు కలిసి 'తంబొన్', తంబొనులు కొన్ని కలిసి 'అంఫో'. ఊరిపెద్దను ఊరివారే ఎన్నుకొనవలయునని ఆనాడే విధించిరి. దానిని అంతకుముందే బాంగ్ పా-ఇన్‌లో పరీక్షించి చూచిరి. ఆ చట్టము స్థానమున వచ్చిన 1914 చట్టము సవరణములతో నేటికిని అమలులో నున్నది. పైమెట్టు మాత్రము నిలువలేదు. 1932 విప్లవము తరువాత, 1933లో, మొన్‌థొనులు రద్దయి చంగ్వత్తులే మిగిలినవి.

మార్పు ఎల్లెడల సాఫీగ సాగలేదు. 1901-02లో ఈసాన్ తూర్పుభాగమున 'ఫూ మీ బున్', అనగా పుణ్యము గలవారు, అను పేర కొందఱు లేచి కొత్త అధికారులనెదిరించిరి; ఆ తిరుగుబాటు కఠినముగ అణచబడినది.

ఈ పాలనాపదములను వరుసగ నిలిపి చూచినప్పుడు మాకొక విషయము స్పష్టమైనది. అట్టడుగుపదములు థాయి: 'మూ' గుంపు, 'బాన్' ఇల్లు లేక ఊరు, ఊరిపెద్ద 'ఫూయైబాన్', ఫూ మనిషి, యై పెద్ద, బాన్ ఊరు. మన 'ఊరిపెద్ద'కు ఇది మాటకు మాటగ సరిపోవును. నడిమిపదములు ఖ్మేరు: తంబొన్, దాని పెద్దయగు కమ్నన్, అంఫో, చంగ్వత్. పైపదములు సంస్కృతము: మొన్‌థొన్ మండలము, థేసాఫిబాన్ దేశ-అభిపాల, రాచ్చకాన్ రాజకార్యము. జిల్లాపాలకుని పేరగు 'ఫూవా రాచ్చకాన్' లో ఫూ, వా థాయి, తక్కినది సంస్కృతము. ఊరు తనది, ఊళ్లను కూర్చి లెక్కవ్రాయు విద్య అంకోర్‌నుండి, రాజధానిగౌరవము సంస్కృతమునుండి. ఈ పొరలు రాతిపొరలవలె ఒకదానిమీద నొకటి యున్నవి. 'సర్వమును మనదియే' యనువారు పైపొరను మాత్రమే చూచుచున్నారు. అంతేకాదు, ఆ పైపొరలో చాలభాగము ప్రాచీనమును కాదు. థేసాఫిబాన్ వంటి సమాసములు పందొమ్మిదవ శతాబ్ది చివర, కొత్త వ్యవస్థకు కొత్త పేరు కావలసివచ్చినప్పుడు, పండితులచే కట్టబడినవి. మన పత్రికలవారు పారిభాషికపదములను కూర్చినట్లే వారును కూర్చిరి.

ఒకే మాట రెండు దేశములలో ఎట్లు విడిపోవునో చెప్పుటకు మండలమే చాలును. థాయిలాండులో మొన్‌థొన్ అనేక జిల్లాలను కలుపుకొనిన అతిపెద్ద విభాగమై 1933లో గతించినది. ఆంధ్రప్రదేశ్‌లో 1985లో తాలూకాలను విడదీసి మండలములను నెలకొల్పగ అది జిల్లాకు లోపలి చిన్నవిభాగమైనది. ఈ వ్యాసమునకు మేము పెట్టిన పేరున మండలమనునది మన అర్థముననే గ్రహింపవలయును.

పదముల గుర్తింపునకు ధ్వనిసూత్రములు కొన్ని అవసరము. సంస్కృతపు సరళములగు గ, జ, ద, బలు థాయిలో శ్వాసధ్వనులై మహాప్రాణములగును: నగర-నఖొన్, దేశ-థేత్, బుద్ధ-ఫుత్. పరుషములగు త, పలు దీనికి విరుద్ధముగ ద, బలగును: తారా-దారా, పుణ్య-బున్, పురీ-బురీ. పదాంతమందలి ర, లలు న యగును: పాల-బాన్. వకారము కొన్నిచోట్ల వకారముగనే నిలుచును, విహార-విహాన్. కొన్నిచోట్ల బకారముగ భావింపబడి ఫకారమగును, విమాన-ఫిమాన్. శాసనములోని విమాయ ఫిమాయ్ యగుట ఈ దారిలోనిదే. ఊరివారు మాత్రము వేఱొక కథ చెప్పుదురు. పాచిత్, ఒరఫిమ్ అను ప్రేమికుల గాథలో, బ్రహ్మదత్తుడను రాజుచే చెఱపట్టబడిన నాయిక తన ప్రియుని చూచి 'ఫీ మా', అనగా 'అన్న వచ్చెను' అని పలికెననియు, అదే ఊరిపేరయ్యెననియు. 'ఫీ' అనునది అన్నకును ప్రియునికిని సమానముగ వాడు సంబోధన. మన బావ యను మాట ఇచట మేలేమో! 1108 శాసనము ముందు ఈ వ్యుత్పత్తి నిలువదు. అయినను ఊరిలోని ఒక గోపురము 'ప్రాంగ్ బ్రహ్మదత్'గను, ఒక ఇటుకదిబ్బ ఆ రాజు దహనస్థలముగను వెలయుటకు శాసనము కాదు, ఈ గాథయే కారణము.

నేటి పాలనలో రెండు ధారలున్నవి. మొదటిది 'ఫూమిఫాక్', భూమిభాగము: బాంకాక్‌లోని మంత్రిత్వశాఖ పంపిన 'నాయ్ అంఫో', అతనిక్రింద కమ్ననులు, ఫూయైబానులు. అంఫోకు చట్టదృష్టిలో స్వతంత్రవ్యక్తిత్వము లేదు. అది కేంద్రముయొక్క చేయి మాత్రమే. రెండవది 'థోంగ్‌థిన్', స్థానికము. చిన్నపట్టణములకు ఒకప్పుడుండిన 'సుఖాఫిబాన్' (సుఖ-అభిపాల, పారిశుద్ధ్యసంఘమునకు ఎంత చక్కని పేరు!) 1999లో 'థేసబాన్'లుగ మాఱినవి, ఫిమాయ్ పట్టణమునకును థేసబాన్ కలదు. తంబొనులకు 1994 చట్టముచే స్వంత పాలనసంస్థలేర్పడినవి. వాని పేరులోని 'బొరిహాన్' మన పరిహారమే. మనకది నష్టమునకో పాపమునకో చెల్లించునది, వారికది నిర్వహణము. వాని అధ్యక్షుడు 'నాయొక్', నాయకుడు. కాకతీయులనాటి నాయకుడు రాజునకు సేన నిలిపి నేలను అనుభవించెను. ఈ నాయకుని 2003 తరువాత ఓటర్లే నేరుగ ఎన్నుకొనుచున్నారు.

కావున ఒకే తంబొనులో ఇద్దఱు పెద్దలు. ఫూయైబాన్ ఊరివారిచే ఎన్నుకొనబడును. తంబొనులోని ఫూయైబానులు తమలో నొకనిని కమ్నన్‌గ ఎన్నుకొందురు. 2008 సవరణము ప్రకారము వీరు అరువది ఏండ్ల వయస్సువఱకు ఉండవచ్చును. నాయొక్ మాత్రము నాలుగేండ్లకొకమాఱు ప్రజలయొద్దకు పోవలయును. బాట, కాలువ, చెత్త, బడిపిల్లల భోజనము నాయొక్ చేతిలోనివి. తగవు, శాంతిభద్రత, ప్రభుత్వపు ఉత్తరువు కమ్నన్ చేతిలోనివి. వఱద వచ్చిననాడు ఇవన్నియు ఒక్కటియే యగును.

ఫిమాయ్ తంబొనులలో 'నిఖోమ్ సాంగ్ తోన్‌ఏంగ్' అను పేరు మమ్ము ఎక్కువ ఆకర్షించినది. 'తమ్ము తాము నిర్మించుకొను నిఖోమ్' అని అర్థము. భూమిలేనివారికి ప్రభుత్వము నేలనిచ్చి కూర్చిన స్వయంసహాయక నివేశమునకు ఆ పేరు. నిఖోమ్ అనునది నిగమమే. ఆ నిగమశబ్దము తెలుగునేలమీద భట్టిప్రోలు ధాతుకరండపు శాసనములలో 'నెగమ' రూపమున కలదు. అచట అది వర్తకసంఘమునో పురసభనో చెప్పును. భట్టిప్రోలులో దానమిచ్చినవారి పేళ్లవరుసకు తలపైనుండిన ఆ మాట, ఫిమాయ్‌లో అడవి కొట్టి వరి నాటినవారి తంబొనుకు పేరైనది.